మీసాల చేపను అక్వేరియంలో దించే ముందు, దించే రాత్రి, దించిన తర్వాత

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయే రోజు పొద్దున మా అక్వేరియంలో 18 చిన్న నియాన్ టెట్రా చేపలున్నాయి. సమ్మక్క సారలమ్మలకు బెల్లం ముట్టజెప్పి మూడో రోజు హనుమకొండలో ఇంటి తాళం తీసేసరికి 5 మిగిలాయి. చచ్చి తేలిన చేప ఒక్కటీ లేదు. నీళ్లు తేటగా ఉన్నాయి, ఫిల్టర్ నడుస్తోంది. కుండపెంకు కింద మాత్రం వారం ముందు తెచ్చిన రెండు పిక్టస్ క్యాట్‌ఫిష్‌లు, అంటే మీసాల చేపలు, పెళ్లి భోజనం చేసి అరుగు మీద ఒరిగిన పెద్దమనుషుల్లా పొట్టలేసుకుని పడుకున్నాయి. “ఇది గరీబు చేపన్నా, ఎవ్వల జోలికి పోదు” అని అమ్మినాయన చెప్పిన మాట అబద్ధమేమీ కాదు. పగటిపూట అవి నిజంగానే ఎవరి జోలికీ పోలేదు.

ఆ దెబ్బ తర్వాత, ఇప్పటికే వేరే చేపలున్న ట్యాంకులోకి వేటాడే క్యాట్‌ఫిష్‌ను తేవాలంటే నేను పాటిస్తున్న పద్ధతి ఇది. దించడానికి పట్టేది ఒక్క సాయంత్రమే. దానికి ముందు ఒక నెల పని, తర్వాత రెండు వారాల కాపలా ఉంటాయి. అంత ఓపిక లేకపోతే ఇంకో నాలుగు గప్పీలు తెచ్చుకోండి, తప్పేం లేదు.

ముందు నోరు కొలవండి

క్యాట్‌ఫిష్ సాధువా, కోపిష్టిదా అని కొట్లో అడిగి లాభం లేదు. దాని నోట్లో ఏది పడుతుందో అది చూసుకోవాలి. వేటాడే మీసాల చేపల్లో చాలావాటికి నోరు ఇంచుమించు తల వెడల్పంత ఉంటుంది. చెరువు గట్టు మీద వాలుగను చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఇవి కొరికి నమిలి తినే రకం కాదు. నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి గుంజుకుని మింగేస్తాయి. కళ్లతో వాటికి పెద్ద పని లేదు. మీసాల మీదే కాదు, ఒంటి చర్మం మీద కూడా రుచి పట్టే మొగ్గలుంటాయి. చీకట్లో నిద్రపోతున్న చిన్న చేప పక్కనుంచి పోతే చాలు, అక్కడేదో ఉందని వాటికి తెలిసిపోతుంది.

కొలవడం ఇలా. గాజుకు బయటివైపు ఒక ప్లాస్టిక్ స్కేలును టేపుతో అంటించండి. క్యాట్‌ఫిష్ గాజుకు దగ్గరగా వచ్చినప్పుడు పైనుంచో ఎదురుగానో ఫోన్‌తో ఫొటో తీస్తే తల వెడల్పు తెలుస్తుంది. ఇక మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఒక్కో చేపకు వీపు నుంచి పొట్ట దాకా ఎత్తెంతో చూడండి. రెక్కలను లెక్కలోకి తీసుకోవద్దు. ఆ ఎత్తు క్యాట్‌ఫిష్ తల వెడల్పుకు రెండింతలుంటే నేను నిశ్చింతగా పడుకుంటాను. ఒకటిన్నర ఉంటే కనిపెట్టుకుని ఉంటాను. రెండూ సమానమైతే అది తిండి కిందే లెక్క, ఇవాళ కాకపోతే వచ్చే నెల. పొడవు చూసి మోసపోకండి. నాలుగంగుళాలున్నా సన్నగా ఉన్న చేప సేమ్యా పోగులా జారిపోతుంది. దానికంటే పొట్టిదైనా పళ్లెంలా ఉండే సిల్వర్ డాలర్ గొంతు దిగదు.

కొట్లో చూస్తున్న రెండంగుళాల పిల్ల తలను కొలిచి సరిపెట్టుకోకండి. అది పెరిగాక ఎంతవుతుందో కనుక్కుని ఆ లెక్కతో చూడండి.

ఏది తేవచ్చు, దేన్ని ముట్టుకోవద్దు

ఆర్‌టీసీ అంటే మనకు బస్సు. అక్వేరియం కొట్లలో మాత్రం రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రటి తోకతో మూడంగుళాల పిల్ల గాజులోంచి మీ వైపు చూస్తుంటే చెయ్యి జేబులోకి పోతుంది. పోనివ్వకండి. అమెజాన్ నదుల చేప అది, మీటరు దాటి పెరుగుతుంది. బాగా తినబెడితే మొదటి ఏడాదిలోనే అడుగు దాటుతుంది. తోటి చేపలతో ఆగదు, రాళ్లను, ట్యాంకులోని సామాన్లను కూడా మింగుతుంది. ఇంట్లో పెట్టుకోగలిగిన ఏ గాజు తొట్టీ దానికి చాలదు. చివరికి అది కూడా బస్సంత జాగా అడుగుతుందని మా తమ్ముడంటాడు.

రెండోది ‘షార్క్’ పేరుతో అమ్మే వెండి రంగు చేప. అది షార్క్ కాదు, పంగాసియస్ అనే క్యాట్‌ఫిష్. చేపల మార్కెట్‌లో ముక్కలు కొట్టి అమ్మే పంగాసియస్సూ, అక్వేరియం కొట్లో కవర్లో కట్టిచ్చే ఈ పిల్లా ఒకటే జాతి. మీటరు దాటే చేప, గుంపులో బతికేది, అన్నింటికీ బెదిరేది. తలుపు గట్టిగా వేసినా ఉలిక్కిపడి గాజుకు తల బాదుకుంటుంది. నాలుగడుగుల ట్యాంకులో దాని బతుకు చూడలేం.

థాయ్ మాగుర్ పేరుతో తిరిగే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సంగతి ఇంకా తేలిక. మన దేశంలో దాని పెంపకం నిషేధం. ఎవరైనా పిల్లలను ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు. ఇంగిలాయి మన నీటి చేపే, చూడ్డానికి ఎత్తు తక్కువ, అందం ఎక్కువ. కానీ దాని పక్క ముళ్లలో విషం ఉంటుంది. చిన్నపిల్లలు చేతులు పెట్టే ఇంట్లో నేనైతే ఉంచను.

మరి మిగిలిందేమిటి? నా అనుభవంలో నలుగురితో సర్దుకునేవి మూడు. మొదటిది ఫెదర్‌ఫిన్, అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన సైనోడాంటిస్ రకం. ట్యాంకులో 8 అంగుళాల దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. వీపు రెక్క తెరచాపలా లేస్తుంది. చేతిలోకి తీసుకుంటే రెక్క ముళ్లను రాపాడించి కీచుమని అరుస్తుంది, మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ తొట్టి దగ్గర నుంచి నాలుగడుగులు వెనక్కి వేసింది. నోరు కిందివైపుకు, ఒళ్లుతో పోలిస్తే చిన్నదిగా ఉంటుంది. అయినా రాత్రిపూట నియాన్లు, గప్పీ పిల్లలు దొరికితే వదలదు.

రెండోది నేను మునిగిన పిక్టస్. వెండి ఒంటి మీద నల్లచుక్కలు, దాదాపు ఒంటంత పొడవున్న మీసాలు. 4, 5 అంగుళాలకు మించదు. కానీ ఒక్క నిమిషం కుదురుగా ఉండదు, అందుకే నాలుగడుగుల పొడవు కావాలి. ఒంటరిగా ఉంచితే బెదురుగా ఉంటుంది, మూడు నాలుగింటిని కలిపి పెట్టాలి.

మూడోది మన జెల్ల. ఒంటి మీద పొడవాటి చారలుండే చిన్న జెల్లలు వానాకాలంలో చెరువు వలల్లో పడుతుంటాయి. కొట్లో కొన్న చేపల కంటే ఇవే నాకు ముద్దు. మన నీళ్లకు, మన ఎండకు పుట్టినవి. అయితే చెరువు చేప పురుగునూ జబ్బునూ వెంట తెస్తుంది కాబట్టి, వేరుగా ఉంచే కాలం దీనికి ఇంకా ఎక్కువ ఉండాలి. అలాగే జెల్ల అని తెచ్చింది వాలుగ పిల్ల కాకుండా చూసుకోండి. వాలుగకు ఒళ్లు కత్తిలా అణిగి ఉంటుంది, నోటి చీలిక కంటి వెనక దాకా పోతుంది, పొట్ట కింది రెక్క తోక దాకా సాగుతుంది. సందేహంగా ఉంటే పట్టినాయన్నే అడగండి, ఆయనకు చీకట్లో చెయ్యి పెట్టినా తేడా తెలుస్తుంది.

ఎవరు ఇల్లు ఖాళీ చేయాలి

నియాన్లు, గప్పీలు, జీబ్రా డానియోలు, రొయ్య పిల్లలు పోవాలి. వీటికి ఒక రెండడుగుల తొట్టి వేరుగా పెట్టండి, లేదా స్నేహితులకిచ్చేయండి. మోలీలు, ప్లాటీలు పెద్దవైతే బతుకుతాయి, వాటి పిల్లలు బతకవు. పెరిగిన ఏంజెల్, రోజీ బార్బ్, గౌరామి, సిల్వర్ డాలర్, బ్లడ్ ప్యారట్ ఉండొచ్చు. గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీళ్లు కావాలి, దాని లెక్క వేరు, ఇందులో కలపకండి.

కోరీ క్యాట్‌ఫిష్‌ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. అడుగున తిరిగే ఈ చిట్టి చేపలను చాలామంది ‘అవీ మీసాల చేపలేగా, సర్దుకుంటాయిలే’ అని వదిలేస్తారు. కోరీకి ప్రాణం మీదికొస్తే వీపు ముల్లు, పక్క ముళ్లు నిటారుగా లేపి బిగించేస్తుంది. దాన్ని మింగబోయిన పెద్ద చేప గొంతులో ఆ ముళ్లు గొడుగులా విచ్చుకుంటాయి. బయటికీ రాదు, లోపలికీ పోదు. రెండూ చస్తాయి. గాజుకు అతుక్కుని పాచి తినే చిన్న సక్కర్ చేపతో కూడా ఇదే ప్రమాదం. కాబట్టి కోరీలను తీసేయడం వాటి కోసమే కాదు, మీరు డబ్బు పెట్టి తెచ్చే కొత్త చేప కోసం కూడా.

తొట్టి, నీళ్లు

ఫెదర్‌ఫిన్‌కైనా పిక్టస్‌లకైనా నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకు కనీసం. అది అంచుదాకా నింపితే 255 లీటర్లు, అంటే నీటి బరువే 255 కిలోలు. గాజు, ఇసుక, రాళ్లు కలిస్తే 300 కిలోలు దాటుతుంది. టీవీ పెట్టే బల్ల మీద పెట్టకండి. ఇనుప స్టాండు చేయించి గోడ వారగా పెట్టండి. ఫిల్టర్ గంటకు వెయ్యి లీటర్లకు తగ్గకుండా తిప్పాలి, ఎందుకంటే మాంసం తినే చేప మురికి కూడా అంత ఎక్కువ చేస్తుంది.

నీళ్ల దగ్గర మన వైపు రెండు కష్టాలున్నాయి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపు పెట్టి, ఒక రోజు ఉంచితే పోతుంది. తొందరైతే కొట్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ గట్టిదనం, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువ. బకెట్లకు, గీజరుకు తెల్లగా పట్టే పొర అదే. ఫెదర్‌ఫిన్ ఈ గట్టి నీటిని ఓర్చుకుంటుంది, పిక్టస్‌కు కొంచెం మెత్తటి నీళ్లు నచ్చుతాయి. అలాగని వాటర్ ప్లాంటు నీళ్లే పూర్తిగా నింపకండి, అందులో చేపకు కావాల్సిన లవణాలు కూడా మిగలవు. సగం సగం కలపండి. ఒకసారి ఒక పాళ్లు అనుకున్నాక మార్చొద్దు. నీటి గుణం వారానికొకలా ఉండటమే చేపను ఎక్కువ దెబ్బ తీస్తుంది.

బోరు నీళ్లు వాడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. చేప మలమూత్రాల నుంచి అమ్మోనియా పుడుతుంది. నీటి పీహెచ్, అంటే క్షార గుణం, ఎక్కువైన కొద్దీ, వేడెక్కిన కొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషమవుతుంది. క్షార గుణమున్న బోరు నీళ్లు, వరంగల్ ఎండాకాలం, కడుపునిండా తిన్న క్యాట్‌ఫిష్ కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. టెస్ట్ కిట్ కొనండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటకూడదు. కొత్త ట్యాంకయితే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే మేలు బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఫిల్టర్ స్పాంజీని నల్లా కింద కడిగారంటే ఆ బ్యాక్టీరియా అంతా క్లోరిన్‌కు చచ్చి మళ్లీ మొదటికొస్తుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

పడుకోవడానికి చోటు

మీసాల చేపకు పగలు తల దాచుకునే చీకటి చోటు లేకపోతే అది తిండి మానేస్తుంది, లేదా గాజు వెంట పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. పగిలిన కుండ బోర్లిస్తే చాలు. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఇంకా మంచిది, కోసిన అంచును ఉప్పుకాగితంతో నున్నగా రుద్దండి. చేపలెన్నో చోట్లు అన్ని, ఇంకోటి ఎక్కువ.

అడుగున ఇసుక వేసేటప్పుడు రోబో సాండ్ వేయకండి. క్రషర్‌లో పగిలిన రాతి అంచులు మీసాలను కోస్తాయి, కోసుకుపోయిన చోట పుండు పడుతుంది. గోదావరి ఇసుక జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి వేయండి. రాళ్లకు మనకు కొదవ లేదు. కరీంనగర్ గ్రానైట్ ముక్కలు దివ్యంగా పనికొస్తాయి, నీటిలో ఏమీ కరగవు. షాబాదు, తాండూరు బండలు సున్నపురాయి, అవి నీటిని ఇంకా గట్టిగా చేస్తాయి. తేడా తెలియకపోతే రాయి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి. నురగ పొంగితే బయట పూలకుండీ దగ్గర పెట్టుకోండి.

హీటర్ ఉంటే దానికి ప్లాస్టిక్ గార్డు తొడగండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వెచ్చగా ఉందని క్యాట్‌ఫిష్ దాన్నే ఆనుకుని పడుకుంటుంది, పొలుసులు లేని చర్మం కాలిపోతుంది. మూత బిగుతుగా ఉండాలి, వైర్లు పోయే సందులను స్పాంజీ ముక్కతో మూయండి.

వేరు తొట్టిలో నెల

కొన్న చేపను అదే రోజు పెద్ద ట్యాంకులో వేయకండి. మన ఊళ్ల కొట్లకు వచ్చే చేపల్లో చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో ఆక్సిజన్ కవర్లలో ప్రయాణం చేసి వస్తాయి. అలిసిన చేపకు జబ్బు తొందరగా అంటుకుంటుంది. బయానా ఇచ్చి వారం పాటు కొట్లోనే ఉంచమనండి. వారం తర్వాత పోయి, మీ కళ్ల ముందు పెల్లెట్లు, అంటే ఉండల మేత, వేయమనండి. తిన్న చేపనే తెచ్చుకోండి. మీసాలు పూర్తిగా ఉన్నాయా, పొట్ట లోపలికి పోయి ఉందా, మొప్పలు గబగబ కొట్టుకుంటున్నాయా చూడండి.

ఇంట్లో 50, 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు చాలు. పెద్ద ట్యాంకు ఫిల్టర్లో ముందే నెల నుంచి నానిన స్పాంజీని తీసి ఇందులో పెడితే బ్యాక్టీరియా సిద్ధంగా వస్తుంది. ఒక పైపు ముక్క, ఎయిర్ పంపు, పైన బరువు పెట్టిన జల్లెడ మూత. మూడు నాలుగు వారాలు. చెరువు జెల్లకయితే ఆరు. ఒంటి మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్ల మచ్చలొస్తే అది ఇక్ అనే జబ్బు. నీటి వేడిని రోజుకొక డిగ్రీ చొప్పున 30 దాకా పెంచి, గాలి బుడగలు ఎక్కువ చేయండి. సీసా మీద రాసిన మోతాదులో సగంతో మందు మొదలుపెట్టండి, పొలుసుల్లేని చేపకు మందు నేరుగా ఒంట్లోకి ఎక్కుతుంది. రాగి కలిసిన మందుల జోలికి పోకండి.

ఈ నెలలో చేయాల్సిన ఇంకో పని, దానికి పెల్లెట్లు అలవాటు చేయడం. పెద్ద ట్యాంకులోకి పోయేలోపు రాత్రి దీపం ఆర్పగానే పెల్లెట్ కోసం పైపులోంచి బయటికి రావాలి. రాకపోతే నెల పొడిగించండి. ఈ ఒక్కటి కుదిరితే మిగతా సగం ప్రమాదం తగ్గినట్టే.

దించే సాయంత్రం

సెలవు రోజు ముందటి సాయంత్రం పెట్టుకోండి. మరుసటి పొద్దున మీరు ఇంట్లో ఉండాలి, జాతరకు పోకూడదు. 5 గంటలకు పాత చేపలకు మామూలుకంటే కొంచెం ఎక్కువ తిండి వేయండి. 6 గంటలకు రాళ్లు, కుండలు, మొక్కలు చోట్లు మార్చండి. ఏ మూల ఎవరిదన్న పాత పంచాయితీ చెరిగిపోతే, కొత్తగా వచ్చినదాన్ని తరిమే చేపలు కూడా తమ చోటు వెతుక్కునే పనిలో పడతాయి.

క్యాట్‌ఫిష్‌ను వలతో పట్టకండి. పక్క ముళ్లు వల దారాల్లో చిక్కుకుంటే విడదీయడం నరకం. కత్తెరతో వలను కోసి తీసిన రోజులున్నాయి. పైపులో పడుకున్నప్పుడు రెండు వైపులా చేతులడ్డం పెట్టి, పైపుతో సహా ఒక చిన్న టబ్బులోకి తీయండి. కొట్టు నుంచి తెచ్చేటప్పుడు కూడా రెండు కవర్లు ఒకదాంట్లో ఒకటి వేయమనండి, పిక్టస్ ముల్లు ఒక కవరును ఇట్టే చీల్చేస్తుంది. ముల్లు చేతికి గుచ్చుకుంటే శుభ్రంగా కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచి ఉంచండి, నొప్పి దిగుతుంది. వాపు పెరిగినా, ముల్లు లోపల విరిగినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

టబ్బులోకి పెద్ద ట్యాంకు నీళ్లను ప్రతి ఐదు నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున 40 నిమిషాలు పోయండి. సన్న ట్యూబుతో చుక్కలు చుక్కలుగా వదిలినా సరే. దూరం నుంచి పార్సిల్లో వచ్చిన చేపను వేరు తొట్టిలో దించేటప్పుడు మాత్రం ఇంతసేపు వద్దు. కవర్లో చేప వదిలిన బొగ్గుపులుసు గాలి వల్ల పీహెచ్ పడిపోయి, అమ్మోనియా అణిగి ఉంటుంది. కవరు విప్పగానే ఆ గాలి పోయి పీహెచ్ లేస్తుంది, అణిగిన అమ్మోనియా విషమవుతుంది. అలాంటప్పుడు కవరును విప్పకుండా పావుగంట నీటి మీద తేలనిచ్చి, వేడి సమానం కాగానే చేపను తీసి వేసేయడమే మేలు. ఏ సందర్భంలోనైనా కవరు నీళ్లు ట్యాంకులో పోయకండి.

7 గంటలకు ట్యాంకు లైటు ఆర్పండి. గదిలో చిన్న బల్బు ఉండనివ్వండి. పైపును నెమ్మదిగా నీళ్లలోకి వంచి, చేప తనంతట తాను బయటికి పోయేదాకా ఆగండి. ఫొటోల కోసం ఫ్లాష్ కొట్టొద్దు. అరగంట తర్వాత దాని పైపు దగ్గరే నాలుగు మునిగే పెల్లెట్లు వేయండి. తినకపోతే పొద్దున తీసేయండి.

రాత్రి చూడాలనిపిస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడండి. ఎర్ర వెలుగుకు చేపలు పెద్దగా బెదరవు. ఉన్నట్టుండి పెద్ద లైటు వేస్తే క్యాట్‌ఫిష్ గుడ్డిగా దూసుకుపోయి గాజుకు కొట్టుకుంటుంది. ఒకసారి కరెంటు పోయి అర్ధరాత్రి రెండింటికి వచ్చినప్పుడు మా ట్యాంకు లైటు దానంతటదే వెలిగింది. ఆ చప్పుడుకు ఇంట్లో అందరం లేచాం.

మొదటి రెండు వారాలు, తిండి

రోజూ పొద్దున, లైటు వేయకముందు, చేపలను లెక్కపెట్టండి. కాగితం మీద రాయండి. ఒకటి తగ్గితే ఫిల్టర్ వెనక, మూత మీద, నేల మీద వెతకండి. రెండు రోజుల్లో రెండు తగ్గాయంటే వెతకడం మాని క్యాట్‌ఫిష్ పొట్ట చూడండి. తోకలు చిరిగిన చేపలు, పైన మూలల్లో గుంపుగా ఆగిన చేపలు, మీసాలు తెగిన క్యాట్‌ఫిష్ కనిపిస్తే గొడవ నడుస్తోందని అర్థం. చాలాసార్లు కొత్తది కాదు, ఏంజెల్, బ్లడ్ ప్యారట్ లాంటి పాత సిక్లిడ్ రకం చేపే రౌడీ అవుతుంది. అప్పుడు ఆ సిక్లిడ్‌ను పది రోజులు వేరు తొట్టిలో పెట్టి మళ్లీ వేయండి, తిరిగొచ్చేసరికి అదే కొత్తదవుతుంది.

తిండి ఎప్పుడూ రాత్రే. పగటి చేపలకు సాయంత్రం, మీసాలదానికి లైటు ఆర్పాక. మునిగే పెల్లెట్లు ప్రధానం. వారానికోసారి తోలు తీసిన రొయ్య ముక్కలు, ఎర్రలు పెట్టొచ్చు. ఎర్రలను పత్తి చేల దగ్గర తవ్వకండి, ఆ మట్టిలో పురుగుమందుంటుంది. పెంట కుప్ప దగ్గర తవ్వి, ఒక రోజు తడి గోనె సంచిలో ఉంచి, కడిగి వేయండి. కోడి కాలేయం, మేక మాంసం వద్దు, ఆ కొవ్వు చేపకు అరగదు. బతికున్న గోల్డ్‌ఫిష్‌లను వేసి తినడం చూసి మురిసేవాళ్లున్నారు. గోల్డ్‌ఫిష్ ఒంట్లో విటమిన్ బీ1ను పాడు చేసే పదార్థం ఉంటుంది, పైగా కొట్టు జబ్బులన్నీ అందులోనే వస్తాయి. అంతకంటే పెద్ద నష్టం, బతికిన చేపే తిండి అని మీరే దానికి పాఠం చెప్పినవాళ్లవుతారు. పెరిగిన చేపకు రోజు విడిచి రోజు చాలు. పొట్ట తల కంటే వెడల్పుగా కనిపిస్తే ఒక రోజు మానేయండి. వారానికి పావు వంతు నీళ్లు మార్చండి, మన ట్యాంకుకు అది 20 లీటర్ల వాటర్ టిన్నులు మూడు.

ఎండాకాలం, కరెంటు

ఏప్రిల్, మే నెలల్లో బయట 44 ఉంటే గదిలో నీళ్లు 32 దాటుతాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, అప్పుడే చేపలకు ఎక్కువ కావాలి. మూత తీసి జాలీ వేసి, పైన టేబుల్ ఫ్యాను పెట్టండి, రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. తిండి సగం చేయండి. ఐసు ముక్కలు కుమ్మరించకండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి చార్జి పెట్టి ఉంచుకోండి. మృగశిర కార్తె ముందరి గాలివానకు కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆరేడు గంటలు ఫిల్టర్ ఆగితే లోపలి స్పాంజీ కుళ్లుతుంది, కరెంటు రాగానే ఆ నీళ్లు ట్యాంకులోకి రాకుండా ముందు ఫిల్టర్‌ను కడగండి.

కుదరకపోతే

కొనేముందే కొట్టాయనను అడగండి, “పెద్దగైతె వాపస్ తీసుకుంటవా అన్నా?” అని. తీసుకోనంటే ఇంకో కొట్టు. పెద్ద ట్యాంకులున్న స్నేహితుల పేర్లు కూడా రాసిపెట్టుకోండి. భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో వదిలేయొచ్చనే ఆలోచన మాత్రం రానివ్వకండి. అక్వేరియాల్లో సక్కర్ పేరుతో అమ్మిన చేపే ఇవాళ మన చెరువుల వలల్లో ‘దెయ్యం చేప’గా పడుతోంది. ఒళ్లంతా ముళ్ల కవచం, వలలు చింపుతుంది, సంతలో కొనేవాడు లేడు. మన రాష్ట్ర చేప కొర్రమీను పిల్లలు పెరిగే నీళ్లలో ఇంకో దేశపు వేటగాణ్ణి దించే హక్కు మనకు లేదు.

మూడు నెలలకోసారి ఆ స్కేలును మళ్లీ గాజుకు అంటించి ఫొటో తీయండి. తల వెడల్పు, తేదీ స్టాండు తలుపు లోపలివైపు రాయండి, పక్కన మిగతా చేపల ఎత్తులు కూడా. మా తలుపు మీద ఫెదర్‌ఫిన్ కింద ఆరు అంకెలున్నాయి. చివరి అంకె రాసిన రోజే రెండు చిన్న రోజీ బార్బ్‌లు మా తమ్ముడి ఇంటికి మారాయి.